అంచు వెంట దారి

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో కంచాలు ఒళ్ళో పెట్టుకునే తిన్నాం. భోజనాల బల్ల మీద తోట ఉండేది.

తోటంటే నిజం తోట కాదు. మా ఆయన పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద ఆఫీసు నుంచి మోసుకొచ్చిన పటం. మా వీధి ఎదురుగా రోడ్డు దాటితే, ఏనాటిదో ఒక రాజుగారు వేయించిన తోట ఉంది. దాని బాగోగులు చూసే ఆఫీసులో మా ఆయన ఇంజనీరు. చూపులేనివాళ్ళు వేళ్ళతో తడిమి తోట తీరు తెలుసుకునేలా ఒక పటం చేయించి, వానలు మొదలయ్యేలోగా గేటు దగ్గర పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. "మీకైతే అనుభవం ఉంది కదా" అని ఆ పని ఈయనకే అప్పజెప్పారు. చూపు పోయింది ఈయనకు కాదు, ఈయన తల్లికి. ఆ తేడా ఆఫీసువాళ్ళకు తట్టలేదు. కొన్నాళ్ళ దాకా మా ఆయనకూ తట్టలేదు.

మా అత్తయ్య జాగ్రఫీ టీచరు. రిటైరై చాన్నాళ్ళైనా ఎవరైనా "ఒకప్పుడు టీచరు" అంటే ఊరుకోదు. సుద్దముక్క ఎత్తకుండా బోర్డు మీద ఖండాలు గీసేదట. మా ఆయన ఆవిడ క్లాసులోనే చదివాడు, ఆవిడ చేతిలోనే జాగ్రఫీ తప్పాడు. కన్నకొడుకు కదా అని ఒక్క మార్కు కలిపిన పాపాన పోలేదు. నీటికాసులు వచ్చి ఆవిడ చూపు కొంచెం కొంచెంగా తగ్గి, రెండేళ్ళ కిందట పూర్తిగా పోయింది. అంతకుముందు రోజూ పొద్దున్నే తోటకెళ్ళి, చివర్న గోడ దగ్గరున్న రాతిబెంచీ మీద కూర్చుని, ఎండెక్కాక తిరిగొచ్చేది. చూపు పోయాక ఒక్కసారి మా ఆయన తీసుకెళ్ళాడు. చెయ్యి పట్టుకుని, "అమ్మా మెట్టు, అమ్మా రాయి, అమ్మా కుక్క" అంటూ తోటంతా తిప్పి తెచ్చాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆవిడ అంది. "నేను వెళ్ళొచ్చినట్టు లేదురా. నన్నెవరో పార్సిలు చేసి పంపినట్టుంది. ఇంకోసారి వెళ్తే ఒక్కదాన్నే వెళ్తా."

"ఎలా వెళ్తావమ్మా? మధ్యలో కాలువుంది."

"మోకాలిలోతు."

"పడితే?"

"మోకాలిదాకా తడుస్తా."

మాట అక్కడితో ఆగింది. ఒంటరిగా తప్ప వెళ్ళనని ఆవిడ, ఒంటరిగా పంపనని ఈయన. పట్టుదల ఇద్దరికీ ఒకే చోటు నుంచి వచ్చింది కాబట్టి ఎవరూ తగ్గలేదు. అత్తయ్య కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయింది. మొదట రేడియో కట్టేయమంది. తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళతో మాటలు తగ్గించింది. నాకు నిజంగా భయం వేసింది మాత్రం, నా వంటకు వంకలు పెట్టడం మానేసినప్పుడు.

అందుకే ఆ పటం ఇంటికొచ్చిన రోజున నేను చేస్తున్న పని వదిలేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"చూడమ్మా. ప్రతి మడి, ప్రతి పొద, మంటపం స్తంభాలతో సహా ఉన్నాయి. ఒక్కటి కూడా వదల్లేదు" అన్నాడు మా ఆయన, ఆవిడ చేతులు పటం మీద పెట్టి.

అత్తయ్య వేళ్ళు ఒక మూల నుంచి బయల్దేరాయి. కొంచెం దూరం వెళ్ళి ఆగాయి, వెనక్కొచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. బెంచీ కోసం వెతుకుతోందని నాకర్థమైంది. మా ఆయన ఆ వేళ్ళనే చూస్తున్నాడు. జుట్టు నెరుస్తున్న మనిషి, ఆ క్షణంలో నిక్కరు వేసుకున్నట్టే ఉన్నాడు.

"తోటా ఇది?" అంది ఆవిడ చివరికి. "చెమటకాయలు లేచిన వీపులా ఉంది."

"అమ్మా, కొలతలు అంగుళం తేడా లేకుండా..."

"కొలతలకేం, బాగానే ఉంటాయి. దారేది?"

ఆయన ఆవిడ వేలు పట్టుకుని దారి మీద పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. "గేటు దగ్గర కూడా నువ్వే నిలబడి అందరి వేళ్ళూ పట్టుకుంటావా?"

"మార్కులెన్నత్తయ్యా?" అన్నాను నేను గుమ్మంలోంచి, ఉండబట్టలేక.

"సున్నా. అందంగా చుట్టి, కింద గీత గీసి మరీ."

మా ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ ఆదివారం ఆయన పెద్దసారు పటం చూడ్డానికి మా ఇంటికొచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తీరిగ్గా చూశాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని వేలు ఆడిస్తూ, "ఇది కాలువ. ఇది గులాబీమడి. ఇది మంటపం. ఆహా, చూపు లేకపోయినా ఎంత చక్కగా తెలిసిపోతోందో" అన్నాడు.

"అలాగే మూసుకుని ఉండండి సార్" అంది అత్తయ్య కుర్చీలోంచి. "మా కోడలు పటాన్ని ఓసారి తిప్పి పెడుతుంది. మళ్ళీ చెబుదురుగాని."

నేను బల్లను జరిపినట్టు చప్పుడు చేశాను. పటాన్ని మాత్రం ముట్టుకోలేదు. పెద్దసారు కాలువలో వేలు పెట్టి మంటపం అన్నాడు. మంటపం మీద పెట్టి, కాసేపు ఆలోచించి, గేటు అన్నాడు. మా ఆయన గోడకున్న గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సగం తీసేయాలి సార్ ఇందులోంచి" అంది అత్తయ్య.

"భలేవారే టీచరుగారూ. చారిత్రక తోటండీ. ఒక్క మడి వదిలేసినా పైవాళ్ళు ఒప్పుకోరు. కావాలంటే అన్నిటి మీదా బ్రెయిలీ అక్షరాలు వేయిస్తాం."

"నాకు బ్రెయిలీ రాదు."

"నేర్చుకుంటే పోలా?"

"మీకొచ్చా?"

"నాకెందుకండీ, నాకు కళ్ళు..." అని ఆగి, పెద్దసారు మంచినీళ్ళు అడిగాడు. నేను పెద్ద గ్లాసుతో ఇచ్చాను.

వెళ్తూ వెళ్తూ ఆయన, ఆ పటాన్నే కంచుతో పోత పోయించమనీ, చుట్టూ అందమైన లతల అంచు పెట్టించమనీ చెప్పి వెళ్ళాడు. మా ఆయన తలూపాడు. ఆఫీసులో తలూపడం ఆయనకు బాగా అలవాటు. ఇంట్లోనే అది కుదరదు.

మర్నాడు ఆయన బయల్దేరాక అత్తయ్య నన్ను పిలిచింది. "అమ్మాయ్, నీకు కుట్లు వచ్చు కదూ?"

రెండేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన మొదటి పని అది. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను.

మందంగా ఉన్న పాత కర్టెను గుడ్డ ఒకటి తీశాం. ఇక మధ్యాహ్నాలన్నీ అదే పని. ఆవిడ చెప్పడం, నేను కుట్టడం. దారులకు గొలుసుకుట్టు. కాలువకు నున్నటి సిల్కు పట్టీ. పొదల వరసలకు పురికొస. ఫౌంటెనుకు ఒక బొత్తాం. కాలువ మీది రాతివంతెనకు నా జాకెట్టు హుక్కు ఒకటి బలైంది. బెంచీ ఉన్న చోట చిన్న ముఖమల్ ముక్క.

ఇంట్లో కూర్చుని కుట్టేస్తే సరిపోయేది కాదు. నేను గొడుగేసుకుని తోటకెళ్ళి చూసి రావాలి. కాలేజీలో నేను చదివింది వృక్షశాస్త్రం. పెళ్ళయ్యాక అది ఆకుకూరలు ఏరడానికి తప్ప పనికి రాలేదు. ఇన్నాళ్ళకు ఉత్సాహంగా వెళ్ళి, ఏ చెట్టు ఏ జాతిదో వరసగా అప్పజెప్పాను.

"అవన్నీ సరే. కాలి కింద ఏముంది?"

"నేల, అత్తయ్యా."

"నేల అని రాసినవాళ్ళకు నేను మార్కులు వెయ్యను. ఏం నేల?"

మళ్ళీ వెళ్ళాను. గేటు నుంచి ఫౌంటెను దాకా ఇటుకలు. అక్కడి నుంచి వంతెన దాకా నాపరాయి. వంతెన దాటాక గులకరాళ్ళు. ఎన్నోసార్లు నడిచిన తోటే. చెప్పులు విప్పితే గానీ ఇవేవీ నాకు తెలియలేదు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆ తోట వేసినాయనకు అద్దం పిచ్చి. ఎడమన ఏముంటే కుడినా అచ్చం అదే. కళ్ళకు అదే అందం. వేలికి మాత్రం ఏ పక్కన ఉన్నామో తెలిసి చావదు. అదృష్టం కొద్దీ రెండు ఫౌంటెన్లలో కుడివైపుది ఎప్పుడో పాడైంది. ఎడమదే చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడే అత్తయ్యకు దిక్సూచి. పటం పెట్టేలోగా రెండోది కూడా బాగుచేయిస్తామని మా ఆయన అన్నం తింటూ చెప్పగానే ఆవిడ కంచం కింద పెట్టేసింది. "దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను." ఒక వస్తువును బాగుచేయొద్దని ఆ ఆఫీసును కోరిన మొదటి మనిషి ఆవిడే అయ్యుంటుంది.

"ఇంత పెద్ద తోటలో ఇన్నేనా?" అన్నాను ఒకరోజు, గుడ్డను విప్పి చూస్తూ. సగానికి పైగా ఖాళీగా ఉంది. నాకు చిన్నతనంగా అనిపించింది.

"ప్రపంచపటంలో మీ పుట్టిల్లు ఉందా?"

"లేదు."

"ఎప్పుడైనా ఏడ్చావా?"

అంతా అయ్యాక ఆవిడ ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని రోజూ తడిమేది. పెదవులు కదిలేవి. ఒక సాయంత్రం నా కూరలో ఉప్పు తక్కువైందంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఉప్పు సరిగ్గానే ఉందని కూడా చెప్పలేదు.

మబ్బులు పట్టడం మొదలైన వారంలో ఒక పొద్దున, మా ఆయన పోతపోసే చోటికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, అత్తయ్య చేతికర్ర తీసుకుని నిలబడి ఉంది. గుడ్డ నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో పెట్టుకుంది. నా వంట పని అయ్యేదాకా గుమ్మంలోనే కాచుకుంది.

"రోడ్డు దాటించు చాలు. గేటు దగ్గర ఆగిపో."

"కనీసం వెనకాల దూరంగా..."

"నీ చెప్పుల చప్పుడు నాకు తెలుసు."

గేటు దగ్గర ఆగిపోయాను. గేటు ఉన్నది ఎత్తు మీద. అక్కడి నుంచి తోటంతా కనిపిస్తుంది. పటం పెట్టడానికి కడుతున్న చిన్న దిమ్మె పక్కన నిలబడ్డాను. దాని మీద సిమెంటు ఇంకా తడిగా ఉంది. ఇంత పొద్దున్నే ఎవరు పూశారా అని నేను అనుకునేలోపు, దిమ్మె వెనక నుంచి తాపీ పట్టుకుని మా ఆయన లేచాడు. పోత మధ్యాహ్నానికి గానీ మొదలవదట. మేస్త్రీ రాలేదట. ఊరికే ఉండలేక తనే మొదలుపెట్టాడట.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు. తర్వాత నా చూపు ఎటుందో చూశాడు. తనూ అటు తిరిగాడు.

కింద ఇటుకల దారి మీద అత్తయ్య వెళ్తోంది. నెమ్మదిగా, కర్రతో ముందు తాటిస్తూ, తల కొంచెం ఎడమకు వంచి. ఫౌంటెను దగ్గర ఆగింది. తిరిగింది. నాపరాయి మీదికి వచ్చింది. వంతెన దగ్గర కర్రతో అటంచు, ఇటంచు తాకి చూసి, దాటేసింది.

వంతెన తర్వాత గులకరాళ్ళ దారి వెంట తిన్నగా వెళ్తే బెంచీ. ఆవిడ తిన్నగా వెళ్ళలేదు. ముందు ఎడమ పక్కనున్న గోడవైపుకు నడిచింది. అక్కడ కుడికి తిరిగింది. ఎదురుగా ఎత్తైన పొదల వరస. అందులోకి తిన్నగా నడిచి ఆగిపోయింది.

కర్రతో పొడిచి చూసింది. పొద. పక్కకు జరిగింది. పొద. రెండు చేతులతో కొమ్మలు పక్కకు తీయబోయింది. కర్ర చేతిలోంచి జారింది. వంగి వెతుక్కుంది.

మా ఆయన కదిలాడు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"వదులు."

"ఆవిడ పిలవలేదండీ."

"పిలవదు. నీకు తెలుసుగా ఆవిడ సంగతి."

"తెలుసు. అందుకే."

ఆయన విడిపించుకోవచ్చు. నా పట్టు అంత గట్టిదేం కాదు. విడిపించుకోలేదు.

అత్తయ్యకు కర్ర దొరికింది. లేచి, కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత సంచీలోంచి గుడ్డ తీసింది. దులిపి, ఎడమచేతి మీద పరుచుకుని, కుడిచేతి వేలితో వెతికింది. పరాయి ఊళ్ళో నాలుగురోడ్ల కూడలిలో నిలబడి పటం చూసుకునే మనిషి ఎక్కడైనా అలాగే ఉంటుంది. వేలు ఒకచోట ఆగింది. గుడ్డ మడిచి సంచీలో పెట్టింది. తల ఎత్తి ఫౌంటెను చప్పుడు ఎటు నుంచి వస్తోందో విని, ఒక చెయ్యి పొదల మీద ఆనిస్తూ వచ్చినదారినే వెనక్కి నడిచింది. గులకరాళ్ళు తగిలాక తిరిగింది. కర్ర రాతికి తగిలిన చప్పుడు పైదాకా వినిపించింది. కూర్చుంది.

మా ఆయన తాపీని తడి సిమెంటులో అలాగే గుచ్చేసి కిందికి నడిచాడు. నేనూ వెళ్ళాను.

"ఎవరది?" అంది అత్తయ్య, మేం దగ్గరికి రాగానే. "నడక చూస్తే జాగ్రఫీ తప్పినవాడిలా ఉంది."

"అమ్మా, దెబ్బ తగిలిందా?"

"తప్పిపోయాను రా" అంది. అదేదో బహుమతి వచ్చినట్టు చెప్పింది. మోచేతి మీద గీరుకుపోయింది, జుట్టులో ఆకులున్నాయి. "రెండేళ్ళైంది తప్పిపోయి. ఒకళ్ళు చెయ్యి పట్టుకుంటే అది కూడా కుదరదు."

మా ఆయన ఆవిడ పక్కన కూర్చుని, జుట్టులో ఆకులు ఒక్కొక్కటీ తీయడం మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, గోడ పక్కనుంచి ఒక దారి ఉందని కుట్టావు. నీడగా ఉంటుంది కదా అని అటు వెళ్ళాను. ఏదీ ఆ దారి?"

"గోడ పక్కన దారేం లేదత్తయ్యా."

ఆవిడ గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. "నాలుగువైపులా ఉంది. చూసుకో."

కళ్ళు మూసుకుని వేలితో చూశాను. నిజమే, ఉంది. గుడ్డ చుట్టూ అంచు మడిచి కుట్టాను నేను. అదీ గొలుసుకుట్టే.

"ఇది దారి కాదు, అంచు. మడిచి కుట్టకపోతే పోగులు ఊడిపోతాయని..."

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ అలా నవ్వగలదని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. చేతిలో ఆకు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మా పటానికీ అంచుంది" అన్నాడు.

పెద్దసారు పెట్టించమన్న లతల అంచు. దారులు ఎంత ఎత్తో అదీ అంత ఎత్తే. కంచుపోత ఆ మధ్యాహ్నమే.

మా ఆయన పరుగెత్తగా నేను చూడ్డం అదే మొదటిసారి. ఇటుకల దారి మీద, సిమెంటు చేతులతో, గేటు దాకా. ఆ రోజు ఆయన పోత ఆపించాడు. పెద్దసారు గదిలోకి తనే వెళ్ళి తల అడ్డంగా ఊపాడు. ఎలా ఊపాడో నాకు తెలియదు, అలవాటు లేని పని. చెమటకాయలన్నీ తీసేసి, దారులూ, నీళ్ళూ, వంతెనా, కూర్చునే చోట్లూ మాత్రమే ఉంచి, అంచు లేకుండా కొత్త అచ్చు చేయించాడు. తీసేసిన మడులన్నీ ఉన్న మొదటి పటాన్ని పెద్దసారు తన గదిలో గోడకు పెట్టించుకున్నాడు. కళ్ళున్నవాళ్ళకు అది చాలా నచ్చుతోందట. కుడివైపు ఫౌంటెను బాగైంది గానీ, దాని నీళ్ళు పైకి ఎగరవు. రాతి మీద నుంచి జారుతూ సన్నగా గొణుగుతాయి. ఏ గొంతు ఏ పక్కదో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు.

మొదటి వానకు ముందురోజు అత్తయ్య గేటు దగ్గర కంచుపటాన్ని మూల నుంచి మూలకు తడిమింది. మా ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముప్పై అయిదు" అంది.

"అంతేనా?"

"పాసయ్యావుగా. ఏడవకు."

ఆయన ఆ సాయంత్రమంతా ఈల వేస్తూనే ఉన్నాడు. భోజనాల బల్ల ఖాళీ అయింది. మళ్ళీ అందరం దాని చుట్టూ కూర్చున్నాం, మళ్ళీ నా కూరకు వంకలు మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున అత్తయ్య బయల్దేరుతుంటే, గుడ్డ ఇలా ఇమ్మన్నాను. "ఆ అంచు విప్పేసి, వేరే కుట్టు వేస్తా."

"విప్పకు."

"తప్పు కదత్తయ్యా అది."

"గోడ పక్కన దారి లేదని నీకెలా తెలుసు? నువ్వు పైనుంచి చూశావు. నేను ఆ పొద సగం దాకానే తడిమాను." గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుంది.

బయట అప్పటికే నల్లగా మూసుకొచ్చింది. మా ఆయన గొడుగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. "వాన పడేలా ఉందమ్మా" అని గొడుగు ఆవిడ చేతికిచ్చి, తను ఇవతలే ఆగాడు.

"పడితే తడుస్తా" అంటూ ఆవిడ మెట్లు దిగింది.

గొడుగు మాత్రం తీసుకెళ్ళింది.